గోల్కొండ కోట రివ్యూ: గైడ్‌కు రెండు స్టార్లు, కొండమీది అమ్మకు లెక్కే లేదు

మెహదీపట్నంలో పదహారేళ్ళుగా ఉంటున్నా, గోల్కొండకు నేను వెళ్ళింది లెక్కేస్తే నాలుగుసార్లు. అందులో మూడుసార్లు ఊరి నుంచి చుట్టాలొచ్చారని. ఈసారీ అంతే. జనగామ దగ్గర నుంచి మా పెద్దమ్మ వచ్చింది, వెంట మనవడు, తొమ్మిదో తరగతి. వాడికి కోహినూర్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. పెద్దమ్మకేమో ఒక్కటే కోరిక, పైన అమ్మవారిని చూడాలి. "ఏటా బోనాలప్పుడు టీవీల సూస్తున్న బిడ్డా, కండ్లార ఒక్కపాలి సూడలే" అంది. మోకాళ్ళ నొప్పులున్నాయి కదా పెద్దమ్మా, మూడువందల ఎనభై మెట్లట, అంటే "మెల్లగ ఎక్కుదాం, ఎవడన్న తరుముతున్నడా" అంది. సరే అని మంగళవారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. ఆదివారం వెళ్ళొద్దు, మొదటి సలహా ఇదే, పెళ్ళి భోజనాల దగ్గర ఉన్నంత జనం ఉంటారు.

దారిలో ఫతే దర్వాజా వస్తుంది. ఆటోలు, బైకులు, స్కూలు వ్యాన్లు అన్నీ ఆ గుమ్మంలోంచే దూరతాయి, ఒకదాని కోసం ఒకటి ఆగి ఆగి. తలుపుల మీద ఇనుప ములుకులున్నాయి, ఏనుగులతో గుద్దించి తలుపు పగలగొట్టకుండా పెట్టినవి. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయట పడిగాపులు కాసి, చివరికి లోపలివాడొకడు గడియ తీస్తే లోపలికొచ్చింది. మా ఆటో అదే గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు ఆగితే డ్రైవర్‌కు విసుగొచ్చింది. చాలామంది గోల్కొండ అంటే టికెట్ కొనే చోటు నుంచి మొదలవుతుందనుకుంటారు గానీ, బయటి గోడ చుట్టూ పది కిలోమీటర్ల పైచిలుకు ఉంది, 87 బురుజులు, ఎనిమిది దర్వాజాలు, దాని లోపల ఇళ్ళు, మసీదులు, కిరాణా కొట్లు, బిర్యానీ హోటళ్ళు. జనం ఇప్పటికీ కోటలోనే కాపురం ఉంటున్నారన్నమాట.

టికెట్ మనిషికి 25 రూపాయలు. దీనికి మించిన బేరం హైదరాబాద్‌లో ఇంకోటి చూపించండి, సినిమా హాల్లో పాప్‌కార్న్ వాసన కూడా రాదు ఆ డబ్బుకు.

ఇక గైడ్ సంగతి. గేటు దగ్గర ఒకాయన పట్టుకున్నాడు, 800 అడిగి 600కు ఒప్పుకున్నాడు, గంటన్నర మొత్తం చూపిస్తానన్నాడు. పేరు రాయను, మనిషి చెడ్డవాడేం కాదు, గొంతు బాగుంది, తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ కలిపి కొడతాడు. బాలాహిస్సార్ దర్వాజా కింద నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఇది మాత్రం నిజంగా చూడాల్సిందే. ఆ గుమ్మటం కింద ఒక రాయి దగ్గర నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో కొండ కొసన ఉన్నవాళ్ళకు వినిపిస్తుంది. శత్రువు గేటు దగ్గరికొస్తే పైవాళ్ళకు కబురు అందడానికి. ఒక్క అడుగు పక్కకు జరిగి కొడితే ఆ మోత రాదు, మావాడు పది చోట్ల నిలబడి పరీక్షించాడు. పెద్దమ్మ మాత్రం కొట్టలేదు. "పైకి పోయేదాక ఆగు, అమ్మను గిట్ల సప్పట్లు కొట్టి పిలుస్తరా" అంది.

గైడ్ ఆ దర్వాజా దగ్గర చూపించనిది ఒకటుంది. చప్పట్లయ్యాక రెండడుగులు వెనక్కి వచ్చి తల ఎత్తండి. గుమ్మం పైన సున్నంతో మలిచిన నెమళ్ళు, వాటి కింద రాతి దూలం మీద సింహాలు, యాళి బొమ్మలు. యాళి అంటే మన గుళ్ళ స్తంభాల మీద ఉంటుందే, సింహం ఒళ్ళు, తొండంలాంటి మూతి, అది. సుల్తాన్ల కోట ముఖద్వారం మీద గుడి బొమ్మ. చెక్కిన చేతులు ఎవరివో అక్కడే తెలిసిపోతుంది. నేను నాలుగోసారికి గానీ గమనించలేదు, అదీ పెద్దమ్మ "గిది మన గుడి మీద ఉన్నట్టే ఉన్నది గదరా" అంటే.

తర్వాత గైడ్ గారి బండి స్పీడందుకుంది. వజ్రాలు, చివరి సుల్తాన్ తానీషా, నాట్యగత్తెలు తారామతి, ప్రేమామతి, చార్మినార్ దాకా సొరంగం. మావాడు కోహినూర్ ఎక్కడ దొరికిందని అడిగితే "ఇక్కడే" అని కొండవైపు చెయ్యి చూపించాడు. ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. గోల్కొండ కొండలో వజ్రం ఎన్నడూ దొరకలేదు, ఇది బజారు. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల్లో. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళలో మునిగింది. అక్కడ తవ్వినవి ఇక్కడికొచ్చి సాన పట్టుకుని, అమ్ముడుపోయి, ఊరి పేరు తగిలించుకుని ప్రపంచమంతా తిరిగాయి. పోచంపల్లి చీర హైదరాబాద్‌లో కొన్నామని హైదరాబాద్ చీర అయిపోతుందా? వాడికి ఆ సంగతి నేను చెప్పాల్సి వచ్చింది, 600 పుచ్చుకున్నది మాత్రం ఆయన.

అసలు తగువు మెట్ల మొదట్లో వచ్చింది. ఆయన పైకి రానన్నాడు. "పైన ఏం లేదు అమ్మా, చిన్న గుడి, బారాదరి, అంతే. మీకు మోకాళ్ళు కూడా బాలేవు, రాణీమహల్ చూపించి పంపించేస్తా" అన్నాడు. పెద్దమ్మ మొహం చూడాలి. జనగామ నుంచి వచ్చింది ఆ చిన్న గుడి కోసమే మరి. ఆయనకు డబ్బులిచ్చేసి, దండం పెట్టి పంపించేశాం. రెండు స్టార్లు చప్పట్లకు, మిగిలిన మూడు ఈ మాటకు పోయాయి.

ఎందుకంటే ఈ కోట కథ పైనుంచి కిందికి చదవాలి, గైడ్లు కిందనుంచి మొదలుపెట్టి సగంలో ఆపేస్తారు. పేరులోనే ఉంది కదా, గొల్లకొండ. మేకలు కాసుకునే గొల్ల పిల్లవాడికి ఈ కొండ మీద అమ్మవారి విగ్రహం దొరికిందనీ, ఆ సంగతి కాకతీయ రాజుకు తెలిసి ఆ చోటు చుట్టూ మట్టికోట కట్టించాడనీ చెప్పుకుంటారు. కథను కథగానే తీసుకున్నా, ఇక్కడ కాకతీయుల కాలంలో మట్టికోట ఉండేదన్నది చరిత్రే. ఓరుగల్లు పడిపోయాక కాపయ నాయకుడు 1360ల్లో దీన్ని బహమనీలకు వదులుకోవాల్సి వచ్చింది. వాళ్ళ దగ్గర సుబేదారుగా వచ్చిన సుల్తాన్ కులీ 1518లో సొంత జెండా ఎత్తాడు, కుతుబ్‌షాహీ వంశం అలా మొదలైంది. మట్టిగోడ పోయి నల్లరాతి గోడ లేచింది, మొదటి ముగ్గురు సుల్తానుల కాలంలో 62 ఏళ్ళు కడుతూనే ఉన్నారు. కులీ ఊరికి మహమ్మద్‌నగర్ అని పేరు మార్చాడు కూడా. ఎవరైనా పిలిచారా? సుల్తాన్ పెట్టిన పేరు కాగితాల్లో ఉండిపోయింది, గొల్లవాడి పేరు ఆటోవాడి నోట్లో ఉంది.

కులీ కొడుకు ఇబ్రహీం సంగతి ఇంకా చిత్రం. అన్న జంషీద్ భయానికి పారిపోయి విజయనగరంలో రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు, అక్కడ తెలుగు ఒంటబట్టింది. 1550లో తిరిగొచ్చి గద్దెనెక్కాక తెలుగు కవులను పోషించాడు, వాళ్ళు ఆయన్ను మల్కిభరాముడు అని ముద్దుగా పిలుచుకున్నారు, అద్దంకి గంగాధర కవి ఏకంగా కావ్యమే అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో ఆ రామరాయల మీదికే యుద్ధానికి వెళ్ళాడు. మనుషులు ఎప్పుడూ ఇంతే, ఏ ఒక్క గంపలోనూ పట్టరు. కుతుబ్‌షాహీల ఫర్మానాలు పారసీలోనూ తెలుగులోనూ పక్కపక్కనే రాసేవాళ్ళు. ఇవన్నీ గంటన్నరలో ఎక్కడైనా ఒక్క వాక్యం చెప్పొచ్చు కదా అని నా గోల.

మెట్లు ఎక్కడం మొదలుపెట్టాం. రాతిమెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు, కొన్ని అడుగు ఎత్తు కూడా ఉంటాయి, నున్నగా అరిగిపోయాయి. పెద్దమ్మ పాతిక మెట్లకోసారి కూర్చుంటే మేమూ కూర్చున్నాం. కూర్చోవడం మంచిదే, అప్పుడే కనిపిస్తాయి కొన్ని. గోడకు అడ్డమొచ్చిన బండను పగలగొట్టలేదు, బండనే గోడలో కలిపేసుకున్నారు, ఎక్కడ కొండ ఆగి ఎక్కడ కోట మొదలైందో చెప్పలేం. ఒకచోట విరిగిన గోడలోంచి మట్టి గొట్టం మూతి బయటికి కనిపించింది, మనిషి చెయ్యి దూరేంత. దుర్గం చెరువు నుంచి నీళ్ళు ఇలాంటి గొట్టాల్లోనే కోటకు వచ్చేవి, కింద తొట్టిలోంచి తోడి పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి, అలా ఎక్కించేవాళ్ళు. ఇప్పుడు అదే దుర్గం చెరువు దగ్గర కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీలు దిగుతున్నాం, మా అపార్ట్‌మెంట్‌కేమో వేసవిలో ట్యాంకర్.

సగం పైన అంబర్‌ఖానా, ధాన్యం కొట్టు. దాని దగ్గర్లోనే రామదాసు బందీఖానా. పెద్దమ్మ ఇక్కడ ఎక్కువసేపు ఉంది. చీకటి గది, పైకప్పులో కన్నం, ఆ కన్నంలోంచి పడే వెలుతురు ఒక్కటే. వెలుతురు నేల మీద పళ్ళెమంత పడుతుంది, మనం నిలబడి ఉండగానే మెల్లగా జరుగుతుంది. గోడకు రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు, రామదాసు చేత్తో చెక్కుకున్నవని చెప్పే బొమ్మలు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు, శిస్తు డబ్బు తీసి భద్రాచలం గుడి కట్టించాడు, పన్నెండేళ్ళు ఇక్కడ పడున్నాడని చెప్పుకుంటారు. మేనమామలు అక్కన్న మాదన్నలేమో అదే కోటలో, గోపన్నను బంధించిన తానీషా దగ్గరే మంత్రులు. వాళ్ళ కచేరీ అంటూ కింద కొన్ని గదులు కూడా చూపిస్తారు. మేనమామ మంత్రి అయ్యుండీ మేనల్లుణ్ణి బయటికి తేలేకపోయాడంటే ఆ కొలువులో ఎంత టెన్షన్ ఉండేదో ఊహించుకోండి. చివరికి ఆ అన్నదమ్ములు 1686లో గోల్కొండ వీధిలోనే హత్యకు గురయ్యారు, మరుసటేడు రాజ్యమే పోయింది. తానీషాను దౌలతాబాద్ కోటకు తీసుకెళ్ళి అక్కడే బందీగా ఉంచారు, అక్కడే పోయాడు. ఒకణ్ణి జైల్లో పెట్టినవాడు తనూ జైల్లోనే. ఆ తానీషా పేరుమీద మొదలైందని చెప్పే ముత్యాల తలంబ్రాలు మాత్రం ఇప్పటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాచలం వెళ్తున్నాయి.

గోడల మీద బొగ్గుతోనూ తాళంచెవులతోనూ ప్రేమికుల పేర్లు చెక్కారు. రామదాసు పన్నెండేళ్ళు ఉండి చెక్కాడు, వీళ్ళు పన్నెండు నిమిషాలుండి. మావాడి చేతిలో రాయి చూసి పెద్దమ్మ ఒక్కటి వేసింది వీపు మీద.

అక్కడి నుంచి ఇంకో వంద మెట్లు. పైన ముందు చిన్న మసీదు, ఇబ్రహీం పేరుమీద ఉన్నది, దానికి నాలుగడుగుల దూరంలో అమ్మవారు. జగదాంబ మహంకాళి. గుడి అని గోపురం, ధ్వజస్తంభం ఊహించుకుని వెళ్తే నిరాశే. ఏనుగంత బండల మధ్య సందు, బండకు రంగులు వేసి ఉన్నాయి, తల వంచి లోపలికి వెళ్ళాలి. పసుపు, కుంకుమ, ఎండిన వేపమండలు, నూనె వాసన, చల్లటి రాయి. బయట ఎండలో చెమటలు కక్కుతూ వచ్చినవాడికి ఆ చల్లదనమే ముందు దర్శనం. పెద్దమ్మ కొంగులో ముడేసుకొచ్చిన ఒడిబియ్యం, రవికగుడ్డ తీసింది. నాకు తెలియనే తెలియదు అవి తెచ్చిందని. పూజ చేసే ఆయన తీరిగ్గా మాట్లాడాడు, తొందరపెట్టలేదు, పళ్ళెంలో ఎంత వేశామని చూడలేదు. ఐదుకు ఐదు.

పెద్దమ్మ అక్కడ గోడకానుకుని కూర్చుని "గింత మీదికి ఎందుకొచ్చిందిరా ఈమె" అంది. నేను రాజుల కోసం అయ్యుంటుంది అన్నాను. "రాజులు గామె కోసం వచ్చిండ్రు, గామె రాజుల కోసం కాదు" అంది. గైడ్‌కు 600 బదులు ఆమెకు ఇవ్వాల్సింది.

నేను ఒక ఏడాది బోనాలప్పుడు కూడా వెళ్ళాను, ఆఫీసులో పనిచేసే ఒక అన్న వాళ్ళింటి బోనంతో. అది వేరే కోట. ఆషాఢమాసంలో హైదరాబాద్ బోనాలకు మొదలు ఇక్కడే, ఆ తర్వాతే సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా. ఇక్కడ నెలంతా ఆదివారాలు, గురువారాలు కలిపి తొమ్మిది పూజలు. లంగర్‌హౌజ్ నుంచి తొట్టెల ఊరేగింపు బయల్దేరుతుంది, తొట్టెలంటే రంగు కాగితాలతో కట్టే ఊయల, వెంట డప్పులు, పోతరాజులు, పూనకంతో ఊగే శివసత్తులు. ఆ అన్న వాళ్ళమ్మ కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, లోపల పాలు బెల్లం వేసి వండిన అన్నం, మూతి చుట్టూ వేపాకు, పైన గురిగిలో దీపం. బోనం అంటే భోజనమే, ఆ మాటే నలిగి అలా అయింది. ఆమె ఆ దీపం ఆరకుండా, చెయ్యి పట్టకుండా, చెప్పుల్లేకుండా ఆ అడుగెత్తు మెట్లన్నీ ఎక్కింది. నేను చేతిలో నీళ్ళ సీసా ఒక్కటి పట్టుకుని వెనక రొప్పుతున్నాను. పైన సాక పోసి, బోనం దింపాక, మెడ సరిచేసుకుని "పానం సల్లగైంది" అని, వెంటనే "ఇంట్ల కూర మాడిపాయెనేమో" అంది.

ఆ రోజు ఒక విషయం అర్థమైంది. మిగతా రోజుల్లో కోట అంతా చూసే వస్తువు. సిలాఖానాలో ఆయుధాల్లేవు, అంబర్‌ఖానాలో గింజ లేదు, రాణీమహల్‌లో రాణుల్లేరు, గోడల వెంట పావురాలు. ఆ కొస మీది బండసందు ఒక్కటే, దేనికోసం ఉందో దానికోసమే ఇంకా వాడుకలో ఉంది. 2014 నుంచి బోనాలు రాష్ట్ర పండుగ, పట్టువస్త్రాలు, మంత్రులు, బందోబస్తు అన్నీ వచ్చాయి, కానీ కుండ మోసేది ఆ మెడలే.

కాబట్టి ఫొటోల కోసం, చరిత్ర కోసం వెళ్ళేవాళ్ళు ఆషాఢం ఆదివారాల్లో పెట్టుకోవద్దు, బాలాహిస్సార్ గుమ్మం కింద చప్పట్లు కాదు కదా మీ అరుపే మీకు వినిపించదు. అమ్మకోసం వెళ్ళేవాళ్ళు అప్పుడే వెళ్ళండి, బండి మాత్రం లంగర్‌హౌజ్‌కు ఇవతలే ఎక్కడైనా పెట్టేసి నడవండి.

గుడి పక్కనుంచి ఇంకొన్ని మెట్లెక్కితే బారాదరి, సుల్తాన్ల దర్బారు మేడ, కొండకు కొస. గాలి తోసేస్తుంది. ఒకవైపు కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, ఇంకోవైపు గచ్చిబౌలి, కోకాపేట అద్దాల మేడలు. మావాడు వాళ్ళ నాన్న చేసే కంపెనీ ఏ బిల్డింగ్‌లో ఉందో వెతికాడు, దొరకలేదు, దొరికిందనుకుని ఇంకేదో ఫొటో తీసి పంపాడు. నేను కింద దర్వాజా వైపు చెవి పెట్టి నిలబడ్డాను. ఎవరో టూరిస్టులు కొడుతున్నట్టున్నారు, టప్ టప్ మని చిన్న మోత, ఎవరో పక్కగదిలో అప్పడం విరిచినట్టు. నిజంగానే వినిపిస్తుంది. పెద్దమ్మకు కూడా వినిపించింది.

దిగేటప్పుడు వేరే దారి ఉంది, రాణీమహల్, తారామతి మసీదు వైపుగా. ఆ దారి దిగండి, ఎక్కిన మెట్లే దిగితే మోకాళ్ళు పోతాయి. రాణీమహల్ మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు, ఆకలి అప్పటికే మొదలైంది. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కోసం ఉందామని మావాడు గొడవ చేశాడు గానీ, పెద్దమ్మను ఆరు దాకా కూర్చోబెట్టలేక వచ్చేశాం, అందుకే దానికి మార్కులు వేయట్లేదు.

ఇంకొన్ని పనికొచ్చే ముక్కలు. నీళ్ళు కిందే కొనుక్కుని వెళ్ళండి, మనిషికి లీటరు తక్కువ కాకుండా. కొత్త చెప్పులు వద్దు, నున్నటి రాయి మీద జారతాయి, నా చెప్పు ఉంగటం అంబర్‌ఖానా దగ్గరే తెగి మిగతా కోటంతా వట్టికాళ్ళతో తిరిగాను, పెద్దమ్మ "మొక్కు తీరింది పో" అని నవ్వింది. పొద్దున తొమ్మిదిన్నర లోపల మెట్లెక్కడం మొదలుపెడితే పదకొండుకల్లా పైన ఉంటారు, పెద్దవాళ్ళతో అయితే. గేటు బయట చెరుకురసం బండి ఆయన ఐస్ వద్దంటే వేయడు, అల్లం నిమ్మకాయ మాత్రం మరిచిపోడు, అక్కడ ముగ్గురం రెండేసి గ్లాసులు తాగాం. వచ్చేసారి కోటకే తర్వాత కలిపిన నయాఖిలా వైపు వెళ్ళాలి, అక్కడి పెద్ద బావోబాబ్ చెట్టు, హాథియాన్ కా ఝాడ్, ఇంకా చూడనేలేదు. పెద్దమ్మ ఆషాఢానికి మళ్ళీ వస్తానంది, కొత్త కుండ ఊరి నుంచే తెస్తుందట, ఇక్కడి కుండల మీద ఆమెకు నమ్మకం లేదు.